చెవితో చూసిన సినిమాలు

మా తరం పల్లెటూరి వాళ్ళం సినిమా చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. ‘మాయాబజార్’ ఇవాళ ఫోనులో ఉంది. కావలసిన చోట ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు. మా చిన్నప్పుడు అది ఊళ్ళోకి వచ్చేది, నాలుగు రోజులు ఆడేది, వెళ్ళిపోయేది. మళ్ళీ ఎప్పుడొస్తుందో డేరా యజమానికే తెలియదు. ఆ నడుమ ఏళ్ళన్నీ సినిమా చెవుల్లో బతికేది. పెళ్ళిపందిట్లో మైకులో, కాఫీ హోటలు గ్రామఫోనులో, పంచాయతీ రేడియోలో, అరుగు మీద కూర్చుని కథ చెప్పేవాళ్ళ నోట్లో. అందుకే మా ఈడు వాళ్ళను గొప్ప నటుడెవరని అడిగితే ముందు గొంతు గురించే మాట్లాడతారు. నా ఇష్టాలూ అయిష్టాలూ ఆ వినికిడిలో తయారైనవే. ఈ వయసులో వాటిని మార్చుకోవాలని నాకు లేదు.

మాది గుడివాడ పక్క పల్లె. ఆ చుట్టుపక్కల పుట్టినవాడికి సినిమా అభిమానం విడిగా పట్టుకోనక్కర్లేదు. చౌటపల్లిలో ఘంటసాల పుట్టారు. నిమ్మకూరు రామారావుగారిది, రామాపురం నాగేశ్వరరావుగారిది. కాస్త ఎగువకు వెళ్తే నూజివీడు, రంగారావుగారు పుట్టిన ఊరు. తెర మీద వాళ్ళు కృష్ణుడూ అభిమన్యుడూ ఘటోత్కచుడూ కావచ్చు. మా పెద్దవాళ్ళకు మాత్రం వాళ్ళు ఫలానా ఊరి వాళ్ళు, ఫలానా వారి బంధువులు. ఆ దగ్గరితనం వల్ల అభిమానం తగ్గలేదు, ఇంకా మొండిగా పెరిగింది. సొంత మనిషిని పొగుడుకున్నట్టే పొగిడేవాళ్ళు, సొంత మనిషిని మందలించినట్టే తప్పులు ఎంచేవాళ్ళు.

పంట కోతలై, చేలు ఎండి, చేతుల్లో నాలుగు డబ్బులాడేటప్పుడు టూరింగ్ టాకీసు వచ్చేది. ఊరి చివర ఖాళీ చేలో డేరా వేసేవాళ్ళు. ఊళ్ళో కరెంటు ఉన్నా లేకపోయినా వాళ్ళ ఆయిలు ఇంజను వాళ్ళకుండేది. అది దడదడమంటూ మొదలైందంటే పిల్లలు అన్నాల దగ్గర కూర్చునేవాళ్ళు కాదు. ఆ వెంటనే డేరా గుంజకు కట్టిన లౌడుస్పీకరులోంచి ఘంటసాల గొంతులో వేంకటేశ్వరస్వామి మీది భక్తిపాట వచ్చేది. అది ఏ సినిమాలోదీ కాదు, విడిగా ఇచ్చిన రికార్డు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో డేరా సినిమా చూసిన ఏ ముసలివాణ్ణయినా అడగండి, ఆ పాట అంటే టిక్కెట్లు ఇవ్వబోతున్నారని అర్థమని చెప్తాడు. తర్వాత కరుణశ్రీ పద్యాలు ‘పుష్పవిలాపం’ వేసేవాళ్ళు. పొలం నుంచి ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఆ పద్యాలు వింటూనే స్నానం చేసి, ఇంకా టైముందన్నమాట అని లెక్కవేసుకుని బయల్దేరేవాళ్ళు.

పగలు ప్రచారం బండి తిరిగేది. ఎడ్లబండికి రెండు వైపులా తడికలు కట్టి, వాటికి వాల్‌పోస్టర్లు అంటించి, లోపల ఒకడు మైకు పట్టుకుని కూర్చునేవాడు. గులాబిరంగు, పసుపురంగు కరపత్రాలు గాలిలోకి విసిరేవాడు. వాటి కోసం మేం బండి వెనక ఊరి పొలిమేర దాకా పరుగెత్తేవాళ్ళం. కరపత్రంలో నటుల పేర్ల కింద సంగీతం ఎవరో కూడా వేసేవాళ్ళు. సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల నాగేశ్వరరావు, మాస్టర్ వేణు, సుసర్ల దక్షిణామూర్తి అనే పేర్లు నేను మొదట చదివింది ఆ నాసిరకం కాగితాల మీదే.

డేరా లోపల నేల, బెంచీ, కుర్చీ. ఆడవాళ్ళకు ఒక పక్క, మగవాళ్ళకు ఒక పక్క. మధ్య ఒక దడి. నేల టిక్కెట్టు వాళ్ళు ఇసుకను గుట్టగా పోసుకుని ఎత్తు చేసుకుని కూర్చునేవాళ్ళు. వెనకవాడు అరిస్తే గుట్ట కొంచెం తగ్గించేవాళ్ళు. ప్రొజెక్టరు ఒక్కటే కావడంతో రీలు అయిపోయినప్పుడల్లా దీపాలు వేసి మరో రీలు ఎక్కించాలి. పట్నం హాల్లో ఒక ఇంటర్వెల్లు ఉంటే మాకు నాలుగైదు. అది ఇబ్బందిగా మాకెప్పుడూ తోచలేదు. ఆ విరామాల్లో వేరుశెనక్కాయలు నములుతూ, ఇప్పటిదాకా జరిగిన కథ మీద తీర్పులు చెప్పుకునేవాళ్ళం. శకుని వేసిన ఎత్తు ఎట్లా తిరగబడుతుందో ముందే ఊహించి పందాలు కాసేవాళ్ళు. సినిమాను మధ్యమధ్య ఆపి మాట్లాడుకోవడం వల్ల ప్రతి రీలూ మనసులో విడిగా నిలబడిపోయేది. ‘పాతాళభైరవి’ ఏ రీలు ఎక్కడ తెగుతుందో చెప్పగలిగినవాళ్ళు మా ఊళ్ళో ఉండేవాళ్ళు.

ప్రొజెక్టరులో వెలుతురు కోసం కార్బను కడ్డీలు మండించేవాళ్ళు. అవి అరిగి పొట్టివైతే ఆపరేటరు బయట పారేసేవాడు. పొద్దున్నే మేం వెళ్ళి ఏరుకునేవాళ్ళం. తెగిపోయిన ఫిల్ము ముక్కలు అంతకంటే విలువైనవి. బల్బు పైభాగం విరిచి, లోపలిదంతా తీసి, నీళ్ళు పోసి, దాని ముందు ఫిల్ము పట్టుకుని, అద్దంతో ఎండను మళ్ళించి చీకటి గదిలో గోడ మీద బొమ్మ వేసేవాళ్ళం. బొమ్మ కదిలేది కాదు. దాని పక్కన నిలబడి మాటలూ పాటలూ మేమే చెప్పేవాళ్ళం. మాలో ఒకడు రంగారావుగారి గొంతు చేసేవాడు. వాడికి ఆ ఫిల్ము ముక్క ఏ సినిమాలోదన్న పట్టింపు లేదు, ఎవరి బొమ్మ పడినా ‘పాతాళభైరవి’ నేపాళ మాంత్రికుడే మాట్లాడేవాడు.

పాటల పుస్తకం సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం రాయడమే దండగ. గేటు దగ్గర కొద్ది పైసలకు అమ్మేవాళ్ళు. నాలుగైదు పల్చటి కాగితాలు, మధ్యలో ఒక పిన్ను. మొదట నటీనటుల, సాంకేతిక నిపుణుల పేర్లు, తర్వాత కథ. కథ సరిగ్గా ముడి బిగిసే చోట ఆపి, మిగతాది వెండితెర మీద చూడమని రాసేవాళ్ళు. సినిమా చూసేసిన తర్వాత కూడా ఆ పుస్తకం కొనేవాళ్ళం, పాటల కోసం. పెద్దగా చదువుకోని ఆడవాళ్ళు చాలామంది అక్షరాలు కూడబలుక్కుని చదివింది ఆ పుస్తకాలే. రాగం చెవిలో ఉంది, మాట కాగితం మీద ఉంది, రెండూ కలిపి చదువు వచ్చేసింది. మా వీధిలో ఒక పెద్దమ్మ అట్లా చదవడం నేర్చుకుని, తర్వాత వారపత్రికల సీరియళ్ళు కూడా చదివింది.

ఆ పెద్దమ్మ కథ చెప్పడంలో దిట్ట. బెజవాడలో చుట్టాలింటికి వెళ్ళి కొత్త సినిమా చూసి వచ్చిందంటే మధ్యాహ్నం వంటలయ్యాక అరుగంతా నిండిపోయేది. ‘మల్లీశ్వరి’ నేను ముందు విన్నది ఆమె నోటే. బండి మీద బావా మరదళ్ళు వస్తుండటం, వాన, పాడుబడ్డ మండపం, మారువేషంలో వచ్చిన రాయలు, తమాషాకు నోరుజారి అడిగిన వరం, ఆ వరమే పల్లకీ అయి ఇంటి ముందుకు రావడం. అన్నీ వరసతప్పకుండా, పాట వచ్చే చోట పాట పాడి, ఏడుపు వచ్చే చోట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పేది. తర్వాత చాలాకాలానికి నేను ఆ సినిమా చూసినప్పుడు ఒక్క దృశ్యం కూడా కొత్తగా అనిపించలేదు. భానుమతిగారి గొంతు మాత్రం కొత్త. అంత నిబ్బరంగా, అంత చనువుగా పాడగలిగిన నటి మళ్ళీ మనకు రాలేదనే నా నమ్మకం. తన పాట తనే పాడటం వల్ల మాటకూ పాటకూ నడుమ ఆమెలో అతుకు కనపడదు. మాట్లాడుతూ మాట్లాడుతూ పాటలోకి వెళ్ళిపోతుంది.

రేడియో తర్వాత వచ్చింది. మా కంటే పెద్దవాళ్ళు ఒక చిత్రమైన కాలం గురించి చెప్పేవాళ్ళు. 1952లో కేస్కర్‌గారు సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు వినపడకుండా పోయాయి. శాస్త్రీయ సంగీతమూ లలిత సంగీతమూ వింటే చాలని ప్రభుత్వం అనుకుంది. జనం ముల్లు తిప్పి రేడియో సిలోను పట్టుకున్నారు. 1957 అక్టోబరులో వివిధ భారతి మొదలయ్యేదాకా, ఆ మాటకొస్తే ఆ తర్వాత కూడా, సముద్రం అవతలి నుంచి వచ్చే తెలుగు పాటల కోసం మధ్యాహ్నాలు కాచుకుని కూర్చునేవాళ్ళు. అందులో మీనాక్షి పొన్నుదురై గారి ప్రకటనలు విననివాళ్ళు మా తరంలో తక్కువ. షార్ట్‌వేవు కాబట్టి పాట దగ్గరకొచ్చి, మళ్ళీ దూరమయ్యేది. గాయని లీల గొంతు హోరులో మునిగిపోయి చరణం చివర తేలేది. మునిగిన భాగం మనమే పాడి పూరించుకోవాలి.

విజయవాడ, హైదరాబాదు కేంద్రాల్లో జనరంజని వచ్చేది. పాటకు ముందు కోరినవాళ్ళ పేర్లు, ఊళ్ళ పేర్లు చదివేవాళ్ళు. ఆ ఊళ్ళ పేర్లతోనే మాకు రాష్ట్రం తెలిసింది. కానీ నాకు అన్నిటికన్నా ప్రాణం ఆదివారం మధ్యాహ్నం వచ్చే సంక్షిప్త శబ్దచిత్రం. మూడు గంటల సినిమాను గంటకు కుదించి శబ్దం మాత్రమే వినిపించేవాళ్ళు. బొమ్మ లేదు. అందులో పరీక్షకు నిలిచే నటులు వేరు, ఓడిపోయే నటులు వేరు. చూడటానికి ఎంతో బాగుండి, శబ్దచిత్రంలో కర్ర పలుకులు పలికినవాళ్ళు చాలామంది ఉన్నారు. పేర్లు చెప్పి వాళ్ళ అభిమానులను బాధపెట్టను. సూర్యకాంతంగారు వచ్చారంటే మాత్రం రేడియో పెట్టె చుట్టూ ఉన్న గదంతా వంటిల్లు అయిపోయేది. ఆమె దీర్ఘం తీసే చోట, గొంతు కిందకు దించి పక్కవాళ్ళ మీద నింద మోపే చోట, మనిషి చెయ్యి ఎక్కడుందో, కొంగు ఎక్కడుందో వినిపించేది. ‘గుండమ్మ కథ’కు 1962లో ఇద్దరు అగ్రనటులుండగా టైటిలు గుండమ్మ పేరు మీద పెట్టారంటే, ఆ నిర్ణయం ఎంత సరైందో శబ్దచిత్రం విన్నవాళ్ళకు తెలుస్తుంది.

సి.ఎస్.ఆర్. ఆంజనేయులుగారు కూడా అంతే. 1939 నాటి ‘బాలాజీ’లో వేంకటేశ్వరుడుగా పాడుతూ నటించిన మనిషి ఆయన. ‘మాయాబజార్’కు వచ్చేసరికి శకుని. రంగస్థలం మీద తేలిన గొంతు కావడంతో ప్రతి మాటకూ లోపల ఒక లయ ఉంటుంది. పాచికలు చేతిలో ఆడిస్తూ పలికే ఆ మాటల్లో తొందర ఎక్కడా లేదు. దుర్మార్గుణ్ణి అరవకుండా ఆడించవచ్చని ఆయన చూపించారు. ఆ దారిని తర్వాతి వాళ్ళు ఎక్కువమంది పట్టించుకోకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

రంగారావుగారి గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. ‘పాతాళభైరవి’ 1951లో వచ్చింది. ఆ మాంత్రికుడు మాట్లాడే తీరు అంతకుముందు ఏ పాత్రలోనూ లేదు. ముక్కలు ముక్కలుగా, ఒక్కో మాటా రుచి చూస్తున్నట్టు పలుకుతారు. ‘నర్తనశాల’ కీచకుడికి జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చిందని అందరూ చెప్పుకుంటారు. అది గర్వించవలసిన సంగతే. కానీ ఆయన్ను పూర్తిగా తెలుసుకోవాలంటే బి.ఎన్. రెడ్డిగారి ‘బంగారు పాప’ చూడాలి. 1955 నాటిది. పసిపిల్ల చేతికి దొరికి, ఆ పిల్లను పెంచుతూ మెత్తబడిపోయే మొరటు మనిషి కోటయ్య. గర్జించే గొంతున్న మనిషి ఆ గొంతును అణచుకుని, పిల్ల నిద్ర లేస్తుందేమోనని మాట్లాడతారు చూడండి, నాకు కీచకుడి కంటే ఆ కోటయ్యే గొప్ప. ఈ మాట మీద మా ఊరి మంగలి షాపులో నేను చాలామందితో వాదించాను. ఇప్పటికీ వాదిస్తాను.

ఆ షాపులో అసలు వాదం ఎప్పుడూ రామారావా నాగేశ్వరరావా అన్నదే. అందులో నేను ఎక్కువ తలదూర్చలేదు. రాముడూ కృష్ణుడూ ఆయనే, దేవదాసూ విప్రనారాయణుడూ ఈయనే. ఎవరికి ఇచ్చింది వాళ్ళు పూర్తిగా చేశారు. పోస్టర్ల మీద పేడ కొట్టుకునేదాకా వెళ్ళిన అభిమానం నాకు అప్పుడూ నచ్చలేదు.

సావిత్రి దగ్గర మాత్రం వినికిడి లెక్క చాలదు. ఆవిడ మాట్లాడకుండా ఉన్నప్పుడే ఎక్కువ చెప్తారు. శబ్దచిత్రంలో ‘దేవదాసు’ విని, పార్వతి దుఃఖం అర్థమైందనుకున్నాను. తర్వాత తెర మీద చూసినప్పుడు తెలిసింది, సగం దుఃఖం రేడియోలో లేనే లేదని. ‘మిస్సమ్మ’లో మేరీ పాత్రకు మొదట భానుమతిగారిని అనుకుని కొంత తీశారు, తర్వాత అది సావిత్రికి వచ్చింది, సావిత్రికి అనుకున్నది జమునకు వెళ్ళింది. భానుమతిగారు చేసి ఉంటే మేరీ మరో మనిషి అయ్యుండేది, ఆమెలో పొగరు ఎక్కువ వినపడేది. సావిత్రి మేరీలో చిరాకు పడే ప్రతిసారీ కింద ఒక బెరుకు ఉంది. మా వాళ్ళలో చాలామంది మరచిపోయిన ‘చివరకు మిగిలేది’ 1960లో వచ్చింది. మతి చలించిన రోగులకు ప్రేమ నటించి నయం చేస్తూ, చివరకు తానే తట్టుకోలేకపోయే నర్సు. ఆ సినిమా పెద్దగా ఆడలేదని దాన్ని పక్కన పెట్టేయడం అన్యాయం. సావిత్రి చేసిన పని మొత్తంలో నేను దానికి చాలా పైస్థానం ఇస్తాను.

పాటల దగ్గరకు వద్దాం. 78 స్పీడు రికార్డు ఒక పక్క మూడు నిమిషాలు పలికేది. సినిమాలో అంతకంటే పొడుగున్న పాటను రికార్డుకు కుదించేవాళ్ళు, లేదా రెండు పక్కలా పరిచేవాళ్ళు. ముల్లు అరిగితే గొంతు గరగరమనేది. పెళ్ళిళ్ళలో మైకుసెట్టు వాడి దగ్గర కొత్త ముళ్ళ డబ్బా ఉందా లేదా అని ముందే కనుక్కునేవాళ్ళు. ఆ మూడు నిమిషాల్లో ఒక్క క్షణం దండగ చేయకుండా ఉండాలి. సాలూరివారి పాటల్లో పల్లవికి ముందు వచ్చే వాద్యాలు చిన్నవి, కానీ తీసేస్తే పాట కూలిపోతుంది. వీణా, ఫ్లూటూ పలికిన నాలుగు స్వరాలకే మా హోటల్లో టీ తాగేవాళ్ళు పాట ఏదో చెప్పేసేవాళ్ళు. ‘మాయాబజార్’కు ఆయన కొన్ని పాటలు చేసి తప్పుకున్నారు, మిగతావి ఘంటసాల పూర్తి చేశారు. ఎవరి పాటలెక్కడో చెవికి తెలుస్తుంది. సాలూరివారివి సన్నటి గమకాలతో సాగుతాయి, ఘంటసాలవి జనంలోకి నేరుగా నడిచి వస్తాయి. ఒకే సినిమాలో రెండూ అతుకు లేకుండా కుదరడం దర్శకుడు కె.వి. రెడ్డిగారి అదృష్టం, మన అదృష్టం.

అదే సినిమాలో రికార్డు వినేవాళ్ళు మాత్రమే పట్టుకున్న సంగతి ఒకటుంది. అసలు శశిరేఖ ప్రేమపాటలకు లీల గొంతు. ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారి పెళ్ళి సంబరంతో గంతులేసే పాటకు సుశీల గొంతు, నడుమ మగగొంతు బయటపడే చోట ఘంటసాల. చూసేవాళ్ళకు సావిత్రి ఒక్కరే కనపడతారు. నడకా, మీసం మెలేసే అలవాటూ మారడం చూసి మురిసిపోతారు. గొంతు కూడా మారిందని, అమ్మాయి లోపల ఎవరో ఉన్నారని చెవి చెప్తుంది. ఇది కావాలని చేశారో కుదిరిందో, ఎట్లా అయినా దానికి నేను దణ్ణం పెడతాను.

ఘంటసాల విజయనగరంలో వారాలు చేసుకుని, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర సంగీతం నేర్చుకున్న మనిషి. ఆయన తెలుగుకు చేసిన అతి పెద్ద మేలు పద్యం అని నేననుకుంటాను. నాటకాల్లో పద్యం చివర రాగం తీసి తీసి, జనం వన్స్‌మోర్ అన్నకొద్దీ ఇంకా తీసేవాళ్ళు. మా తాతల కాలానికి అదే ఆనందం. ఘంటసాల ఆ రాగాన్ని కోసి, అర్థం ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగి, ఎక్కడ విరవమంటే అక్కడ విరిచి పాడారు. నిరక్షరాస్యుడికి కూడా తిక్కన పద్యం అర్థమైంది. పొలంలో దుక్కి దున్నుతూ పద్యాలు పాడే పాలేర్లను నేను చూశాను. వాళ్ళకు ఆ పద్యాలు పుస్తకంలోంచి రాలేదు, డేరాలోంచి వచ్చాయి. 1961లో ‘జగదేకవీరుని కథ’లో పెండ్యాలవారు దర్బారీ కానడలో కట్టిన రాయి కరిగించే పాట వచ్చాక మా ఊళ్ళో భజన చేసేవాళ్ళందరూ దాన్ని పాడబోయి పైస్థాయి దగ్గర ఆగిపోయేవాళ్ళు. తెర మీద గాయకుడూ రామారావే, వాద్యాలు వాయించేదీ రామారావే. డేరాలో ఆ రీలు మరోసారి వేయమని జనం పట్టుబట్టిన రాత్రి ఇంజను ఆపేసరికి బాగా పొద్దుపోయింది.

అయినా ‘మిస్సమ్మ’లో రామారావుగారికి ఎ.ఎం. రాజా పాడటమే సరి అని నా అభిప్రాయం. ఘంటసాల భక్తులు ఈ మాట సహించరు. ఉద్యోగం కోసం దొంగ మొగుడుగా నటిస్తూ, కోపం వచ్చినా కసురుకోని ఆ మెత్తటి పంతులికి రాజా గొంతులోని పల్చదనమే తగింది. ఘంటసాల పాడితే ఆ పంతులు మొదటి పాటకే గెలిచేసేవాడు. ‘విప్రనారాయణ’లో నాగేశ్వరరావుగారికి కూడా రాజాయే. ఒత్తులు కొంచెం జారినా, ఆ గొంతులో ఉన్న వెన్నెల ఇంకెవరికీ లేదు.

1963లో ‘లవకుశ’ వచ్చింది. మొదటి పూర్తి నిడివి రంగుల తెలుగు సినిమా. సి. పుల్లయ్యగారు మొదలుపెట్టారు, డబ్బుల ఇబ్బందితో ఏళ్ళకేళ్ళు ఆగింది, వాళ్ళబ్బాయి సి.ఎస్. రావు పూర్తి చేశారు. అదే పుల్లయ్యగారు 1934లో తీసిన ‘లవకుశ’ను మా నాయనమ్మ చూసింది, పారుపల్లి సుబ్బారావు రాముడు, శ్రీరంజని సీత. ఈ కొత్త ‘లవకుశ’ డేరా దాకా వచ్చేవరకు ఆగలేక ఊళ్ళోవాళ్ళం బళ్ళు కట్టుకుని పట్నం వెళ్ళాం. పులిహోర, దద్దోజనం గిన్నెల్లో కట్టుకున్నారు. హాలు దగ్గర దింపిన బళ్ళు, విప్పిన ఎడ్లు, ఎడ్ల ముందు గడ్డి, చింతచెట్ల కింద అన్నాలు తింటున్న ఊళ్ళకు ఊళ్ళు, తిరునాళ్ళలా ఉంది. నాయనమ్మ సినిమా మొత్తం చూసి, రంగులు బాగున్నాయంది, అంజలీదేవి బాగుందంది. కానీ శ్రీరంజని సీతను మాత్రం వదులుకోలేదు. దారి పొడుగునా పాత పాటలే పాడింది. లీల, సుశీల కలిసి లవకుశుల కోసం పాడిన పాటలు అప్పటికే మా పిల్లల నోళ్ళలో ఉన్నాయి. ఒకే బండిలో రెండు ‘లవకుశ’ల పాటలూ వినపడ్డాయి. నాయనమ్మకు ఆ పాత సినిమా మళ్ళీ చూసే అవకాశం ఎన్నడూ రాలేదు. ముప్ఫయ్యేళ్ళు ఆమె దాన్ని గొంతులో దాచుకుంది.

1966లో ‘విజయచిత్ర’ రావడంతో బొమ్మలకు కరువు తీరింది. చందమామ వాళ్ళ అచ్చు కాబట్టి రంగులు కళకళలాడేవి. రావి కొండలరావుగారి చేతిలో అది చౌకబారు కబుర్ల పత్రిక కాలేదు. ఛాయాగ్రాహకుడెవరు, ఎడిటరు ఏం చేస్తాడు, స్టూడియోలో సెట్టు ఎట్లా వేస్తారు అన్నవి పల్లెటూళ్ళ కుర్రాళ్ళకు చెప్పిన పత్రిక అది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ పేరు నాకు అప్పటి నుంచి పరిచయం. ‘మాయాబజార్’లో పడవ మీద వెన్నెల్లో అభిమన్యుడూ శశిరేఖా, వాళ్ళ తర్వాత కృష్ణుడూ రుక్మిణీ, బలరాముడూ రేవతీ వచ్చే దృశ్యంలో ఆ నీళ్ళ మీది తళతళ ఆయన పనితనం.

అందుకే 2010లో ‘మాయాబజార్’కు రంగులు వేసి వదిలినప్పుడు సంతోషించలేకపోయాను. కుర్రవాళ్ళు హాళ్ళకు వచ్చారు, చప్పట్లు కొట్టారు, అది మంచిదే. కానీ బార్ట్లీ నలుపు తెలుపుల మధ్య ఎన్ని మెట్లు కట్టారో, ఆ మెట్లన్నీ రంగు కింద కప్పబడిపోయాయి. వెన్నెలకు నీలం పూసే అవసరం ఆ సినిమాకు లేదు. రంగు దొరికితే ఆయన 1957లోనే వాడేవారు కాదా అని కొందరంటారు. అప్పుడు రంగు ఖరీదు అందుబాటులో లేదు, నిజమే. అయినా ఉన్న సరుకుతో ఆయన కట్టింది సంపూర్ణమైన ఇల్లు. దాన్ని అట్లాగే ఉంచి శుభ్రం చేసి చూపిస్తే కుర్రవాళ్ళు రారని ఎందుకనుకోవాలి?

డేరాలు ఎట్లా పోయాయో అందరికీ తెలిసిందే. పక్కా హాళ్ళు వచ్చాయి, తర్వాత టీవీ, శుక్రవారం చిత్రలహరి, వీడియో క్యాసెట్లు. ఆ పక్కా హాళ్ళు కూడా ఇప్పుడు చాలాచోట్ల కల్యాణమండపాలైపోయాయి. నాకు దిగులు హాళ్ళ గురించి అంతగా లేదు. కథ చెప్పే పెద్దమ్మలు పోవడం గురించి ఉంది. ఇప్పుడు సినిమా చూసి వచ్చినవాళ్ళు బాగుందనో బాగాలేదనో అంటారు, కథ చెప్తే చూడబోయేవాళ్ళకు చెడిపోతుందని నోరు మూసుకుంటారు. మాకు కథ ముందే తెలియడం వల్ల ఏమీ చెడలేదు. ఎట్లా చేశారో చూడటానికే వెళ్ళేవాళ్ళం. రామాయణం కథ తెలిసే కదా ‘లవకుశ’కు బళ్ళు కట్టాం.

ఇంకొక సంగతి నన్ను వేధిస్తుంది. హెచ్.ఎం. రెడ్డిగారి ‘భక్త ప్రహ్లాద’ మన తొలి టాకీ, 1932 నాటిది. దాని ఫిల్ము ఇవాళ లేదు. ముప్ఫైల్లో, నలభైల్లో వచ్చిన తెలుగు సినిమాలు ఎన్నో అట్లాగే నాశనమయ్యాయి. నైట్రేటు ఫిల్ము సులువుగా అంటుకుంటుంది, నిలవుంటే కుళ్ళిపోతుంది. దాచాలన్న ఆలోచనా ఎవరికీ రాలేదు. అటువంటి సినిమాల కథ ఏమిటో, పాటలు ఎవరు రాశారో, ఎవరు పాడారో తెలుసుకోవాలంటే దిక్కు ఆ పాటల పుస్తకాలూ, ఎవరింట్లోనో మిగిలిన 78 రికార్డులే. నేను సంపాదించుకున్నవి ఒక చెక్క బీరువాలో ఉన్నాయి, కర్పూరం బిళ్ళలు వేసి దాచాను. కాగితం ముట్టుకుంటే చిట్లిపోతోంది, అందుకని వరసగా ఫొటోలు తీయిస్తున్నాను. మీ ఇంట్లో అటక మీద ట్రంకుపెట్టెలో అలాంటివి ఉంటే పాత కాగితాల వాడికి వేయకండి. రికార్డుల మీద బరువులు పెట్టకండి, నిలబెట్టి ఉంచండి. దాచే ఓపిక లేకపోతే మీ జిల్లా గ్రంథాలయానికి ఇచ్చి, తీసుకున్నట్టు కాగితం రాయించుకోండి.